మనవులు పోయే అడ్రసు

దేవుడికి చెప్పుకున్న మాట దేవుడి దగ్గరే ఆగుతుందని నమ్మేవాళ్లకి ఈ కథ చేదుగానే ఉంటుంది. ఏం చేస్తాం, జరిగింది జరిగినట్టు చెప్పుకోవాలి కదా.

కన్నడ సీమలో, కాడుగోడి స్టేషన్ వెనక సందులో ఒక తెలుగు క్రైస్తవ సంఘం ఉంది. చీరాల, బాపట్ల, ఒంగోలు వైపు నుంచి వచ్చిన నర్సులు, టీచర్లు, ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు ఆదివారం అక్కడ కలుస్తారు. నతానియేల్ వాళ్లలో ఒకడు. సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు కాబట్టి సంఘానికి ఒక యాప్ తయారుచేసి ఇచ్చాడు. కష్టంలో ఉన్నవాళ్లు అందులో ప్రార్థన మనవి రాస్తే చాలు, ఆ నిమిషంలోనే అది సంఘంలోని నలుగురు పెద్దమ్మల ఫోన్లకి చేరుతుంది. పొయ్యి మీద పులుసు ఉడుకుతున్నా సరే, వాళ్లు మంట తగ్గించి మోకరిస్తారు. రాసింది ఎవరో మాత్రం వాళ్లకి తెలియదు. పేరు, ఫోన్ నంబరు ఎవరికీ వెళ్లవని నతానియేల్ సంఘంలో అందరి ముందు నిలబడి మాటిచ్చాడు.

ఆ మాట నమ్మినవాళ్లలో అతని చెల్లెలు షారోన్ కూడా ఉంది. నమ్మే ముందు ఒకటికి రెండుసార్లు అడిగింది.

"నిజంగా ఎవరు రాశారో తెలీదు కదా అన్నయ్యా?"

"నా మీద కూడా డౌటేనా షారూ? కోడ్ రాసింది నేనే. మెసేజ్ ఒక్కటే వెళ్తుంది."

"ప్రామిస్ చెయ్."

"ప్రామిస్. సరేనా?"

షారోన్ ఆసుపత్రిలో నర్సు. జోనాతో పెళ్లై చాన్నాళ్లయింది, పిల్లలు లేరు. విశేషమేమైనా ఉందా అని ఎవరడిగినా నవ్వి మాట మార్చేస్తుంది, కన్నతల్లి అడిగినా అంతే. ఆ నవ్వు వెనక ఏముందో ఆ యాప్‌లో రాసుకుంటోందని నతానియేల్‌కి తెలుసు. కావాలంటే తెరిచి చదవగలడు. చదవలేదు. ఆపాటి సిగ్గు అతనికి ఉంది.

ఇక డేవిడ్ అంకుల్ సంగతి. సంఘానికి సెక్రటరీ. ఇక్కడే పుట్టి ఇక్కడే నెరిసిన మనిషి. తెల్ల చొక్కా, మెత్తటి మాట, ఎదురైన ప్రతివాడి భుజం మీదా చెయ్యి. ఆ శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏమప్పా నతానియేలూ, నీతో చిన్న పని ఉండాది. మన మనవులు పోతాయి గదా, ఆ అడ్రసు మార్చల్ల. కొత్తగా ఎవరో సేవ చేసేవాళ్లు వచ్చిండారు. బాధలో ఉండేవాళ్లకి ఫోన్ చేసి ధైర్యం చెప్తారంట. అడ్రసు నీకు పంపించినా, చూడు."

"ఫోన్ చేయాలంటే నంబర్లు కావాలి కదా అంకుల్?"

"ఆ, పేరూ నంబరూ కూడా పోవల్ల. లేకపోతే ఎవరికని ఫోన్ చేస్తారు?"

"అవి వెళ్లవని అందరికీ మాటిచ్చాను."

"ఓదార్చేదానికి గదప్పా! పాస్టరయ్య కూడా సరే అనినారు. మంచి పనికి నువ్వు అడ్డం పడితే నాకు బేజారయితాది."

మంచి పని అనే మాట ఉంది చూశారూ, దాన్ని ముందు పెట్టుకుని ఎంత చెత్తనైనా ఇంట్లోకి తేవచ్చు. పాస్టరయ్య పేరు వినగానే నతానియేల్ మెత్తబడ్డాడు. పెద్దాయన అబద్ధమాడతాడా అనుకున్నాడు. ఆడతాడు నాయనా, పెద్దాయన కాబట్టే ధైర్యంగా ఆడతాడు.

లాప్‌టాప్ తెరిచి, యాప్‌కి ఆజ్ఞలు పంపే ఏపీఐ టూల్‌లోకి వెళ్లాడు. మనవి పడగానే దాని నకలు ఫలానా చోటికి పంపు అని యాప్‌కి చెప్పి ఉంచే ఏర్పాటుని వెబ్‌హుక్ అంటారు. దాని సెట్టింగులు ఆ టూల్‌లోంచే మార్చాలి. పాత అడ్రసు తీసేసి డేవిడ్ అంకుల్ పంపింది పెట్టాడు. పేరు, నంబరు అని ఉన్నచోట 'వద్దు'ని 'కావాలి'గా మార్చేటప్పుడు చెయ్యి కాస్త ఆగింది. ఆగిన చెయ్యి ఆగినట్టే ఉంటే ఎంత బాగుండేది! సెండ్ నొక్కాడు. మార్పు జరిగిందని పచ్చగా జవాబొచ్చింది.

మార్చాక పరీక్షించకుండా వదిలేసే రకం కాదు. కానీ ఆఫీసు నుంచి ఏదో అర్జెంటు కాల్ వచ్చి అందులో పడిపోయాడు. అది అయ్యాకే యాప్ తెరిచి తన పేరు మీద ఒక ఉత్తుత్తి మనవి రాశాడు. 'నా భార్యకి కిడ్నీలో రాళ్లు. ప్రార్థించండి.' అతనికి ఇంకా పెళ్లే కాలేదు. నవ్వుకుంటూ దోసె పెనం మీద వేశాడు. దోసె తిరగేసేలోపే ఫోన్ మోగింది.

"నతానియేల్ గారా సార్? మీ మిసెస్‌కి కిడ్నీ స్టోన్స్ అని తెలిసింది సార్, చాలా బాధనిపించింది. మా టై-అప్ హాస్పిటల్లో లేజర్ మీద ఈ నెల ఆఫర్ నడుస్తోంది. మేడమ్ ఏజ్ చెప్తారా?"

పెనం మీద దోసె మాడుతోంది.

"మీకెవరు చెప్పారమ్మా?"

"మా సిస్టమ్‌లో వచ్చింది సార్. ప్రేయర్ లీడ్స్‌లో."

లీడ్ అంటే అమ్మేవాళ్ల భాషలో ఇవాళో రేపో వల్లో పడబోయే గిరాకీ. మోకాళ్ల మీద ఏడ్చే ఏడుపుకి వీళ్లు పెట్టుకున్న పేరు ప్రేయర్ లీడు! ఛీ! నతానియేల్ పొయ్యి ఆపేసి, వెంటనే పాత అడ్రసు తిరిగి పెట్టి, పేరూ నంబరూ మూసేసి, స్కూటర్ తీసి డేవిడ్ అంకుల్ ఇంటికి పోయాడు.

డేవిడ్ అంకుల్ టీలో రస్కు ముంచుకుంటున్నాడు. విన్నాక కూడా ముంచడం ఆపలేదు.

"అంత ఆవేశమేంటికప్పా? రోగం ఉండేవాళ్లకి ఆసుపత్రి దొరకద్దా? మన కొత్త స్పీకర్లు ఎవరిచ్చినారనుకున్యావు? వాళ్లే. వాళ్ల వ్యాపారం వాళ్లకి, మన సంఘానికి సాయం. స్వల్ప అడ్జస్ట్ చేసుకోవల్ల."

"పాస్టరయ్యకి తెలుసా ఇది?"

"ఆయనకి ఇట్లాంటివన్నీ ఏంటికి చెప్పేది?" నానిన రస్కు జారి టీలో పడితే వేలు పెట్టి తీసి నాక్కున్నాడు.

ఈ చెయ్యేనా ప్రతి ఆదివారం ముసలమ్మల తలల మీద పెట్టేది!

"కంచే చేను మేసిందంటే ఇదే అంకుల్. తల్లుల ఏడుపులు అమ్ముకుని స్పీకర్లు కొన్నారా? థూ!"

"నోరు జాగర్తప్పా. మార్చింది ఎవరు? నేనా, నువ్వా?"

నతానియేల్ మెట్లు దిగి వచ్చేశాడు. డేవిడ్ అంకుల్ మీద వేసిన ఉమ్ము తిరిగి తన మొహానే పడినట్టయింది. స్కూటర్ దగ్గరికి వచ్చేసరికి షారోన్ ఫోన్ చేసింది. ఆమె గొంతులో అంత సంతోషం అతను ఈమధ్య ఎప్పుడూ వినలేదు.

"అన్నయ్యా, డ్యూటీలో ఉన్నాను, అయినా ఆగలేక చేస్తున్నా. ఇవాళ పొద్దున మనవి రాశాను. కాసేపటికే ఫోన్ వచ్చింది! షారోన్ సిస్టర్, బాధపడకండి, మీకు మేమున్నాం అంది ఎవరో. నా పేరు ఎవరికీ తెలీదు కదా, మరి ఆమెకెలా తెలిసింది చెప్పు? ఇన్నాళ్లకి ప్రభువు నా మొర విన్నాడు అన్నయ్యా. వాష్‌రూమ్‌లోకి వెళ్లి ఏడ్చేశాను."

నోరు మూసుకుని ఉంటే ఆ సంతోషం ఇంకో రెండు రోజులు నిలిచేది. అలా ఉందామా అని అతనికి ఒక్క క్షణం అనిపించింది కూడా. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

"షారూ, అది ప్రభువు కాదే. ఆసుపత్రులకి మనుషుల్ని పట్టి ఇచ్చే కంపెనీ. నీ పేరు, నంబరు, నువ్వు రాసిందంతా వాళ్లకి వెళ్లింది. అడ్రసు మార్చింది నేనే."

అటువైపు ఎవరో పేషెంటు బంధువు ఆమెని పిలుస్తుండటం వినిపించింది.

"అంతా చదివారా?" అంది చివరికి.

"చదివి ఉంటారు."

"లోపం ఆయనలో ఉందని రాశాను అన్నయ్యా. రిపోర్టు నేనే తెచ్చుకున్నాను. తట్టుకోలేడని, లోపం నాలోనే ఉందని చెప్పాను ఆయనకి. అమ్మకీ, అత్తయ్యకీ అందరికీ అదే చెప్పాను."

"బావకి ఏం తెలీదు కదా. నేను వాళ్లతో మాట్లాడతాను, నీ నంబరు తీసేయమంటాను..."

"ఫోన్ చేసినామె సంఘం సిస్టరనుకున్నాను." అంది షారోన్. "మీ వారికి కూడా ధైర్యం చెప్తాం అంది. ఆయన నంబరు ఇచ్చాను."

నతానియేల్ ఫోన్ పెట్టేసి బావ నంబరు నొక్కాడు. జోనా వేరే కాల్‌లో ఉన్నాడు.