నాలుగో కౌంటర్‌కు నూరు టికెట్లు

మార్చి పదకొండు, మంగళవారం. ఆ మధ్యాహ్నం ఆమె రెండు బ్రెడ్డు ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు తెచ్చుకుంది. గుడ్డు మీద ఉప్పు చల్లుకోవడం మరిచిపోయింది. ఇంత చిన్న సంగతి ఎందుకు గుర్తుండిపోయిందంటే, ఆ గుడ్డు గొంతు దిగకముందే స్టేషన్ సూపరింటెండెంట్ గారు ఒక కాగితం పట్టుకుని కౌంటర్ గదిలోకి వచ్చారు.

"తినండమ్మా, తినండి. తిన్నాకే చెప్తాను," అన్నారాయన.

అలా అన్నాక ఇంకేం తింటుంది?

కాగితంలో సంగతి ఇది. స్టేషన్‌లో టికెట్లిచ్చే మెషిన్లు పెట్టి రెండేళ్లయింది. కార్డు పెడితే టికెట్టు, ఫోను చూపిస్తే టికెట్టు. మనుషులు కూర్చునే నాలుగు కౌంటర్లలో మూడు ఒకదాని వెనక ఒకటి మూతపడ్డాయి. మిగిలింది నాలుగోది, నోట్లూ చిల్లరా తీసుకునేది. ఏప్రిల్ నెల ముప్పై రోజులూ దాని లెక్క చూస్తారు. రోజుకు సగటున నూరు టికెట్లు అమ్ముడైతే ఇంకో ఏడాది ఉంచుతారు. తగ్గితే మూసేస్తారు. అప్పుడామె మూడు నెలలు మెషిన్ల పక్కన నిలబడి, వాటినెలా వాడాలో జనానికి నేర్పాలి. జనం నేర్చుకున్నాక ఆమెతో పని లేదు.

"అంటే నా గొయ్యి నేనే తవ్వుకోవడానికి మూడు నెలల జీతం ఇస్తారన్నమాట," అంది.

"మెషిన్ల దగ్గర వేసుకోవడానికి రంగు కోటు కూడా ఇస్తారమ్మా," అన్నారు సూపరింటెండెంట్ గారు. నవ్వించబోయారు గాని, ఆయనకే నవ్వు రాలేదు.

ఇరవై రెండేళ్లుగా ఆమె ఆ కుర్చీలోనే ఉంది. స్టేషన్‌లో ఆమెకు ఇంకో పేరున్నట్టు ఎవరికీ తెలియదు. అందరికీ 'నాలుగో నంబరమ్మ'.

ఏప్రిల్ ఒకటో తారీఖు నుంచి ఆమెకు కుదురు లేదు. చిల్లర అరల్లో నాణేలు సర్దిందే సర్దేది. లేచేది, కూర్చునేది. అద్దంలోంచి చూస్తే మెషిన్ల దగ్గరికి నడిచే ప్రతి మనిషీ తన పళ్లెంలోంచి ముద్ద తీసుకుపోతున్నట్టే ఉండేది. వాళ్లలో ఎవరైనా జేబులు తడుముకుని తన వైపు తిరిగితే, హమ్మయ్య, ఒకటి, అనుకునేది.

అలా తిరిగేవాళ్లు లేకపోలేదు. రోజుకూలీ నోట్ల రూపంలో తీసుకునే వీధులూడ్చే ఆడవాళ్లు వచ్చేవారు. నలభై ఏళ్లు బట్టలు కుట్టిన ముసలి దర్జీ వచ్చేవాడు. సూది పోట్లకు వేలి కొనలు మొద్దుబారి ఆయన తాకితే మెషిన్ తెర పలకదు. "అది నా వేలిని మనిషి వేలనుకోవడం లేదమ్మా," అనేవాడు. వారానికోసారి ఒకావిడ వచ్చి గుప్పెడు చిల్లర పోసి, చెల్లెలి ఊరికి టికెట్టు తీసుకునేది. కార్డుతో కొంటే ఎక్కడికెళ్లిందో బిల్లులో పడుతుందని, ఆ బిల్లు ఇంట్లో ఇంకొకరు చూస్తారని ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. చిల్లర ఎంత సేపు లెక్కబెట్టినా, నాలుగో నంబరమ్మ ఎందుకని అడగలేదు.

పది రోజులయ్యేసరికి సగటు ఎనభై ఆరు.

ఆ సాయంత్రం ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, మోటారు షెడ్డులో పనిచేసే మరిది నిలదీసి విషయం రాబట్టాడు.

"ఓస్, ఇంతేనా వదినా! రోజుకో పదిహేను టికెట్లేగా! ఇంట్లో మనం లేమా? షెడ్డులో మావాళ్లు లేరా? పక్క స్టేషన్‌కి టికెట్టు కప్పు టీ కంటే చవక."

"వద్దు బాబూ. తెలిస్తే పరువు పోతుంది."

"ఉద్యోగం పోతే పరువేమైనా ఇంటి అద్దె కడుతుందా? ఏం నాన్నా?"

మామగారు పేపరు మడిచి, "నా కాళ్లకు కాస్త నడక కావాలని డాక్టరు చెప్పాడు," అన్నారు. అది ఒప్పుకోవడమో కాదో ఆయనకే తెలియాలి.

ఆమె అవుననలేదు. గట్టిగా కాదనీ అనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మరిది మిగతా సగం కూడా తానే కలుపుకున్నాడు.

మర్నాడు షెడ్డు మూశాక, సాయంత్రం ఆరింటికి, నాలుగో కౌంటర్ ముందు నూనె మరకల బట్టలతో పన్నెండు మంది వరస కట్టారు. అందరి వెనకా మామగారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. తన వంతు వచ్చేసరికి ఆయన గొంతు సవరించుకున్నారు.

"ఏమండీ, పక్క స్టేషన్‌కి ఒక టికెట్టు ఇప్పిస్తారా?"

పద్నాలుగేళ్ల కాపురంలో మామగారు తనను 'అండీ' అనడం అదే మొదటిసారి. ఆమెకు చెవులు వేడెక్కాయి. చిల్లర అందుకుంటూ ఆయన ముందుకు వంగి గొణిగారు. "మధ్యాహ్నం డబ్బా ఖాళీ చేశావా లేదా?"

"చేశాను మామయ్యా. కదలండి, వెనక మనిషున్నాడు."

ఆ రోజు లెక్క నూటమూడు. తర్వాతి రోజుల్లో నూటఏడు. నూటపది. అంకె పెరిగేకొద్దీ ఆమె నెమ్మదించాలి. కాని నిద్రలో కూడా వేళ్లు టికెట్లు చింపుతున్నట్టు కదిలేవి. తలుపు తట్టిన ప్రతిసారీ ఉలిక్కిపడేది.

ఏప్రిల్ ముప్పై సాయంత్రం, వరస అంతా అయ్యాక, తలుపు తట్టింది సూపరింటెండెంట్ గారే. ఈసారి చేతిలో రెండు కాగితాలు.

"ఇప్పటిదాకా నెల మొత్తం మూడువేల ఇరవైయొకటి. సగటు నూరు దాటింది," అన్నారు. కాని అభినందించలేదు. రెండో కాగితం బల్ల మీద పెట్టారు. "ఇది ప్లాట్‌ఫారం గేటు లెక్కమ్మా. మీరమ్మిన వాటిలో మూడువందల పదకొండు టికెట్లు గేటు దాటలేదు. ఒకటో రెండో అయితే రైలు తప్పిందనుకుంటాం."

ఆమె ఆ అంకె మీద వేలు పెట్టి మళ్లీ చదివింది. టికెట్టు కొనడం గురించి ఆ ఇంట్లో అందరూ ఆలోచించారు. రైలెక్కడం గురించే ఎవరూ ఆలోచించలేదు.

"పై ఆఫీసు అడిగింది కౌంటర్ లెక్కే. గేటు లెక్క అడగలేదు. ఈ ఫారంలో ఆఖరి గడి చూడండి. 'లెక్కలో తేడాలున్నాయా?' మీరు రాసి సంతకం పెట్టాలి. దాని కింద నేను పెట్టాలి." ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నేను టీ తాగొస్తాను."

ఆయన టీ తాగరని ఆమెకు తెలుసు.

'లేవు' అని రాస్తే చాలు. రెండక్షరాలకు ఒక ఏడాది. కలం మూత తీసింది, పెట్టింది, మళ్లీ తీసింది. లేచి కిటికీ దాకా వెళ్లి వచ్చింది. ఇంతలో అద్దం మీద టకటకమని చప్పుడు. దర్జీ.

"ఇవాళ నా అదృష్టం బాగుంది, వరస లేదు," అన్నాడు నోటు తోస్తూ. "ఈ మధ్య ఆరింటికి ఎవరమ్మా అంతమంది? వాళ్ల వెనక నిలబడి నిలబడి మూడుసార్లు ఆరూపది బండి తప్పింది."

ఆమె చెయ్యి చిల్లర అరలో ఆగిపోయింది. "తర్వాతి బండి?"

"ముప్పావుగంటకి. ఫర్వాలేదులే, బల్ల మీద కూర్చున్నా. ఇంత గిరాకీ ఉంటే నీ కౌంటర్ జోలికి ఎవరూ రారు కదా అని సంతోషించా కూడా."

టికెట్టు, చిల్లర తీసుకుని ఆయన మెల్లగా గేటు వైపు వెళ్లాడు. గేటు తెరుచుకుని మూసుకునే దాకా ఆమె చూస్తూ ఉంది. తర్వాత కూర్చుని రాసింది.

'ఉన్నాయి. మూడువందల పదకొండు టికెట్లు మా ఇంటివాళ్లు, వాళ్ల స్నేహితులు కొన్నవి. ఎవరూ ప్రయాణం చేయలేదు. నాకు తెలిసే జరిగింది. అసలు సగటు తొంభై.'

గడి నిండిపోయింది. కాగితం అంచున రాయడం మొదలుపెట్టింది. ఆ తొంభై మందిలో ఊడ్చేవాళ్ల గురించి, వేళ్లు పలకని దర్జీ గురించి. చిల్లర ఆవిడ గురించి మాత్రం రాయలేదు. 'పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలైనా ఇక్కడ ఒక మనిషిని కూర్చోబెట్టండి. నన్నే కానక్కర్లేదు.' ఆఖరి మాట మళ్లీ చదివి కొట్టేసింది. నేనంత గొప్పదాన్నేం కాదు, అనుకుంది.

సూపరింటెండెంట్ గారు తిరిగొచ్చి, నిలబడే అంతా చదివారు. సంతకం పెట్టారు.

"మీ మామగారు నన్ను చూసి కూడా ఎరగనట్టు మొహం పెట్టిన రోజే అనుకున్నానమ్మా," అన్నారు. "దీన్ని నేనే స్వయంగా తీసుకెళ్లి ఇస్తాను. చదివేదాకా అక్కడే కూర్చుంటాను. ఆ తర్వాత వాళ్లిష్టం."

ఇంటికొచ్చి చెప్పగానే మరిది తల పట్టుకున్నాడు. "రెండక్షరాలు వదినా! రెండే రెండు అక్షరాలు!"

"నోర్ముయ్యరా," అన్నారు మామగారు. "బండి ఎక్కకుండా టికెట్లు కొనమన్న తెలివి నీదేగా." కోడలి వైపు తిరిగారు. "ఇప్పుడేమవుతుందమ్మా?"

"తెలీదు మామయ్యా. కాగితం వచ్చేదాకా కౌంటర్ తెరవాలి."

"తెరువు మరి. నాకెక్కడికైనా వెళ్లే పనుంటేనే వస్తాను."

అందరూ పడుకున్నా ఆమె ముందు గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు నడుస్తూనే ఉంది. మంచినీళ్లకు లేచిన మామగారు గుమ్మంలో ఒక నిమిషం నిలబడ్డారు. పడుకోమని చెప్పలేదు. ఆమె దీపం వెలిగించుకోవడానికీ, నడవడానికీ ఎవరి నిద్రా అడ్డు రాకుండా, చప్పుడు కానివ్వకుండా తలుపు దగ్గరగా మూసి వెళ్లిపోయారు.