ఇంటామె పేరు

నేను కరీంనగర్‌లో ఒక ప్రింటింగ్ దుకాణంలో డిజైన్ పని చేస్తాను. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు. ఫ్లెక్సీ మీద ఎవరి పేరు ఎంత పెద్దగా ఉండాలో, ఎవరి పేరు తగ్గితే కొట్లాట అవుతుందో నన్నడగండి. అట్లాంటి నా పేరు మా ఆయన రాసిన పుస్తకంలో ఒక్కచోట కూడా లేదు.

మా ఆయన రాహిల్, స్కూల్లో తెలుగు సారు. మా ఇంట్లో ఉర్దూ, తెలుగు రెండూ నడుస్తాయి, కోపమొస్తే రెండూ ఒకేసారి. మేమిద్దరం బండి మీద ఆదిలాబాద్ పోయిన ముచ్చట ఆయన తెలుగులో రాశాడు. ధర్మపురి దగ్గర గోదావరి, నస్పూర్‌లో బొగ్గు లారీల వెనక నల్లబడ్డ మా మొహాలు, ఘాట్ రోడ్డు, అన్నీ ఉన్నాయి. నేను మాత్రం మొదటి నుంచి చివరి దాకా ‘ఇంటామె’.

“సుమయ్య అని రాస్తె నీ సొమ్మేం పోతది?” అని అడిగాను.

“మా అబ్బా బాబు మియా జిందగీల అమ్మీని పేరు వెట్టి పిలువలే. నేను నలుగురు చదివే పుస్తకంల రాస్తనా?” అని నవ్వాడు.

ఆ ప్రయాణంలో ఆదిలాబాద్ దాకా బండి ఆయన నడపలేదు. ఇచ్చోడలో చాయ్ తాగడానికి ఆగినప్పుడు ఎదురుగా ఉన్న బోర్డు చూపించి “ఏం రాసిండ్రు?” అన్నాడు. పరాచికమనుకున్నాను. “నీ పేరే రాసిండ్రు, కనవడ్తలేదా?” అన్నాను. నిజంగానే కనబడటం లేదు. అక్కణ్నుంచి హ్యాండిల్ నేను పట్టాను, ఆయన వెనక కూర్చున్నాడు. తర్వాత హైదరాబాద్‌లో కంటి డాక్టరు తేల్చి చెప్పింది. చూపు నడిమధ్యలో మచ్చ పడింది, అది పెరుగుతూ పోతుంది, మందు లేదు.

ఆ కబురు విన్నాకే ఆయన రాయడానికి కూర్చున్నాడు. వరుస మీద వరుస ఎక్కిన ఆ రాతను విడదీసుకుంటూ నేను టైపు చేశాను. చదివి వినిపిస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు.

“నాకద్దు. నేను రాసింది నా కండ్లతోని నేనే చదవాలె. ఆఖరు మాట దాక.”

అందుకే పుస్తకాన్ని ఇట్లా తయారు చేశాను. మొదటి పేజీలో మామూలు అక్షరాలు. తొవ్వ సాగినకొద్దీ అక్షరం పెరుగుతుంది. ధర్మపురి దగ్గర ఒకే వాక్యం రెండు పేజీలకు అడ్డంగా పారుతుంది. నస్పూర్‌లో లావుపాటి అక్షరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. ఘాట్‌లో వరుసలు మెలికలు తిరుగుతాయి. ఇచ్చోడ దాటాక పేజీకి ఒక్కటే మాట.

మా దుకాణం యజమాని రాజం అది చూసి తల పట్టుకున్నాడు. “పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టుమన్నడట. గిది పుస్తకమా, ఫ్లెక్సీనా?”

ఫ్లెక్సీ అంత అయినా సరే, ఆయనకు కనబడితే చాలనుకున్నాను.

పేజీలు తయారైనకొద్దీ ప్రింటు తీసి ఇంటికి తీసుకుపోయేదాన్ని. గోదావరి చదివాడు. బొగ్గు లారీలు చదివాడు. ఘాట్ దగ్గర ఆగిపోయాడు.

“‘పాలు మీద బండి దానంతటదే ఉరికింది’ అని కొట్టినవ్. పాలేంది? నేను వాలు అని రాసిన.”

నేను కొట్టింది వాలే. ప కు తలకట్టు విడిగా ఉంటుంది, వ కు అంటుకుని ఉంటుంది. ఈ ఒక్క సంగతి కోసం ఆయన ఎంతమంది పిల్లల నోటుబుక్కుల్లో ఎర్రసున్నాలు చుట్టాడో. ఇప్పుడు లేని సందు ఆయన కంటికే కనబడుతోంది.

“నా తప్పే,” అన్నాను. “పరేషాన్‌ల కొట్టిన.”

మాట మార్చలేదు, అక్షరం పెంచి మళ్లీ తెచ్చాను. ఈసారి వాలు అని చదివి, “జర చూసి కొట్టాలె” అని మందలించాడు. నాకు పండగైంది.

ఇక మిగిలింది చివరి వాక్యం. ‘ఇగ తొవ్వ ఇంటామె చూస్తది.’ నాలుగు మాటలు, నాలుగు పేజీలు. వాటిని ఇంట్లో చూపించలేదు, అచ్చయ్యాకే చూడమన్నాను. ఎందుకంటే మూడో పేజీలో ఇంటామెను తీసేసి, పేజీ అంచుల దాకా ‘సుమయ్య’ అని పెట్టాను. చూసి తిడతాడు. ఎవరినడిగి మార్చినవ్ అంటాడు. ఆ తిట్టు తినాలని నాకెంత ఆశగా ఉండిందో.

పుస్తకం కుట్టి చేతికొచ్చేసరికి రాహిల్ స్కూలు మానేశాడు. చాయ్ కప్పు కోసం చెయ్యి ముందు గాలిలో వెతికేది. అయినా అక్షరాలు కనబడుతున్నాయా అని అడిగితే, “పెద్దయి కనవడ్తయి, ఫికర్ చెయ్యకు” అనేవాడు. నేను నమ్మాను. నమ్మకపోతే బతకలేను గనుక నమ్మాను.

శుక్రవారం నమాజ్ నుంచి వచ్చాక కిటికీ పక్కన కూర్చోబెట్టి, చివరి వాక్యం దగ్గర పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టాను. ఎండ సరిగ్గా పేజీ మీద పడుతోంది.

తల పక్కకు తిప్పి ఓరగా చూశాడు. “ఇగ,” అన్నాడు. పేజీ తిప్పాడు. “తొవ్వ.”

సంతోషంతో నాకు ఊపిరాడలేదు. చూపు ఉన్నది, నా కష్టం ఊరికే పోలేదు అనుకున్నాను. ఆయన మూడో పేజీ తిప్పాడు. పుస్తకాన్ని మొహానికి దగ్గరగా ఎత్తుకున్నాడు, దూరం పెట్టాడు, నా పేరు మీద వేలు ఆనించాడు.

“ఇంటామె,” అన్నాడు. మళ్లీ తిప్పాడు. “చూస్తది.”

పుస్తకం మూసి నా వైపు తిరిగాడు. చాలా రోజుల తర్వాత ఆ మొహం విప్పారింది. “చదివిన. ఆఖరు మాట దాక సాఫ్‌గ చదివిన. ఒక్క తప్పు లేదు గద?”

“లేదు,” అన్నాను. “ఒక్క తప్పు లేదు.”

నాకింక ఏ ఆశా మిగల్లేదు. అక్షరాన్ని ఇంతకంటే పెంచడానికి కాగితం లేదు. పెంచినా లాభం లేదు. ఏడుపు వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకున్నాను. కనబడుతుందన్న భయం ఇక అక్కర్లేదు.

ఆయన ఇంకా మురిసిపోతూనే ఉన్నాడు. అట్టను చేత్తో నిమురుతూ అన్నాడు:

“ఇంటామె అని గింత పెద్దగ వెట్టుకున్నవ్. ఇగనన్న పేరు లేదని నాతోని కొట్లాడకు.”

“కొట్లాడ,” అన్నాను.