ఖాళీ గడులు

చూపు బాగా మసకబారినా అక్క ఒంటరిగానే ఉంటోంది. తనింటికి వచ్చెయ్యమని తమ్ముడు అడిగినప్పుడల్లా ఒకటే జవాబు: "నా ఫోను నేను చేసుకోగలిగినన్నాళ్లు ఎక్కడికీ రానురా."

ఆ ఫోనే మొరాయించింది. తమ్ముడు కొత్తది కొని, రెండింటినీ పక్కపక్కన పెట్టి, పాతదాంట్లోవన్నీ ఇందులోకి దింపాడు. తెర అమరిక కూడా పాతదే ఉంచాలా అని ఫోను అడిగింది. పాత తెర చూస్తే చిందరవందర: ఓ మూల నొక్కితే ఫోను వెళ్లే నాలుగు బొమ్మలు, మధ్యలో ఖాళీ గడులు. వద్దని నొక్కాడు. ఓపిగ్గా అన్నింటినీ వరసలో సర్ది, పాత ఫోను పూర్తిగా తుడిచేశాడు.

అక్క కొత్తదాన్ని అందుకుని, చూడకుండానే అలవాటైన చోట బొటనవేలు ఆనించింది. "గ్యాస్ ఏజెన్సీ అండీ" అంది ఎవరిదో గొంతు. కట్ చేసి మళ్లీ నొక్కింది. టార్చి వెలిగింది.

"ఏం చేశావురా దీన్ని?"

"సర్దానక్కా. గజిబిజిగా ఉంటేనూ..."

"నా వంటింట్లో డబ్బాలు కూడా సర్దిపోరాదూ, కూరలో పంచదార వేసుకు తింటాను! ఆ ఖాళీలు వేలికి గుర్తుగా నేను కావాలని వదిలినవి. ఖాళీ దాటితే నువ్వు, నీ కింద టాక్సీ అతను. పాతదాంట్లో ఉందా అమరిక?"

"తుడిచేశాను."

అక్క లేచి తడుముకుంటూ వెళ్లి సంచి తెచ్చి, చీరలు కుక్కడం మొదలుపెట్టింది. "పద, మీ ఇంటికే."

ఇన్నాళ్లూ అతను వినాలనుకున్న మాట. విన్నాక దొంగతనం చేసినట్టనిపించింది.

చచ్చిన పాత ఫోను తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "వేలికి గుర్తుంటుందేమో, చూపించు."

"ఆలోచిస్తే రావట్లేదురా."

"ఆలోచించకు. నన్ను తిట్టు."

అది అక్కకు కొత్త కాదు. "చిన్నప్పుడూ అంతే, నా పుస్తకాలకు నువ్వు అట్టలేస్తే సగం తలకిందులు!" అతను మధ్యమధ్య "టాక్సీ? గ్యాస్?" అంటుంటే, తిట్టేకొద్దీ నల్లటి అద్దం మీద వేలు దానంతటదే ఆ చోటికి కదిలింది. అతను చూస్తూ కొత్తదాంట్లో ఒక్కో బొమ్మనూ జరిపాడు, ఖాళీలతో సహా.

అక్క కొత్త ఫోను తీసుకుని లోపలి గదిలోకి వెళ్లింది. అతని జేబులో ఫోను మోగింది.

"హలో, అక్కా!"

"నువ్వెందుకెత్తావు? నేను చేసింది టాక్సీ అతనికి."

"ఒక గడి జరపనా?"

"ముట్టుకోకు. ఇంకోసారి చూస్తాను. పెట్టెయ్."

పెట్టేశాడు. గుమ్మం దగ్గర సగం నిండిన సంచిని చూస్తూ, ఈసారి తన ఫోను మోగకూడదని కోరుకుంటూ నిలబడ్డాడు.