సెలవు రోజున షహీన్ ఇచ్చిన మాట

హిందూపురం మాబుసాబ్ కూతురు షహీన్‌కు దేవనహళ్లి విమానాశ్రయంలో ఉద్యోగం వచ్చినప్పుడు, ఆమె విమానం నడుపుతుందనే వీధి వీధంతా అనుకుంది. నడపదనీ, కౌంటరు దగ్గర నిలబడి ప్రయాణికుల సామాను చూసి పంపుతుందనీ తల్లి అమీనాబీ ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. చివరికి విసుగొచ్చి, “సరే, నడుపుతాదిలే” అని ఆమె కూడా ఒప్పేసుకుంది.

అది రెండువేల ఎనిమిది, ఆ విమానాశ్రయం తెరిచిన ఏడాది. షహీన్ చేరింది మైనా ఎయిర్ అనే చౌక టికెట్ల కంపెనీలో. అందులో తిండి పెట్టరు. నీళ్ల సీసా కూడా కొనుక్కోవలసిందే. దిగిన విమానం అరగంట తిరక్కుండా మళ్లీ ఎగరాలి. ఆ హడావిడిలో ఇది నా పని, అది నీ పని అనే పట్టింపు ఎవరికీ ఉండదు. చేరిన మొదటి వారమే స్టేషన్ మేనేజరు ఏసురత్నం చొక్కా చేతులు మడిచి సీట్ల సందుల్లో చెత్త ఏరుతుంటే, పక్క వరుసలో పైలట్ బెల్టులు సర్దుతూ కనిపించాడు. షహీన్ నోరు తెరుచుకుని చూసింది.

ఏసురత్నానిది గుంతకల్లు. “ఏం పాపా, అట్ల చూస్తాండావు?” అన్నాడు నవ్వుతూ. “మనం చౌకగా అమ్మేది సీటు. మర్యాద కాదు. ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకో, చాలు.”

ఆ ఏడు వానాకాలంలో ఒక సెలవు రోజున షహీన్ ఇంట్లో తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే ఏసురత్నం ఫోన్ చేశాడు.

“సెలవులో ఉండావని తెలుసమ్మా. ధర్మవరం నేతగాళ్లు ఓ పదిమంది మన ఢిల్లీ విమానానికి బయల్దేరి, పెనుకొండ కాడ వ్యాను ఇరుసు ఇరిగి నిలబడిపోయినారంట. ఆడ తెలిసిన మెకానిక్ ఎవరన్నా ఉంటే చెప్పు.”

షహీన్ వాళ్ల నంబరు తీసుకుని తానే ఫోన్ చేసింది. ఎత్తింది ఈశ్వరి, ఆ నేతగాళ్ల జట్టుకు పెద్ద. నడుమ షావుకారు లేకుండా, తాము నేసిన పట్టుచీరలు తామే ఢిల్లీ ప్రదర్శనలో అమ్ముకుందామని మొదటిసారి బయల్దేరారు. ఎల్లుండే ప్రదర్శన మొదలు.

“మేమొచ్చేదాకా విమానం నిలబెడ్తావా తల్లీ?” అంది ఈశ్వరి.

చూస్తానక్కా అనేయడం ఎంత సులువో షహీన్‌కు తెలుసు. అయినా అనలేదు.

“నిలబెట్టలేనక్కా. టయానికి వచ్చి కూర్చున్నోళ్లు దాంట్లో ఉంటారు కదా. ఈ విమానం మీకు అందదు, ఉత్త ఆశ పెట్టను. కానీ మిమ్మల్ని రోడ్డు మీద ఇడ్సను. ఆడే ఉండండి, వస్తాండా.”

మాబుసాబ్ పాత టెంపో నడుపుతాడు. కూతురు చెప్పిందంతా విని, “మీ కంపెనీ డీజిల్‌కు దుడ్లు ఇస్తాదా?” అని అడిగాడు.

“తెలీదు నాయనా.”

“తెలీదంటే ఇయ్యదనే. ఎక్కు, పోదాం.”

పెనుకొండ దాటాక రోడ్డు పక్క వేపచెట్ల కింద చీరల మూటల పక్కన కూర్చుని ఉన్నారంతా. కుళ్లాయప్ప అనే పెద్దాయన షహీన్‌ను చూడగానే లేచాడు. “చౌక టికెట్టు కొనద్దండని నేను మొదలే చెప్తి! ఇప్పుడు చూడు మా గతి!” అని అరిచాడు. విరిగింది వ్యాను ఇరుసు కదా అని షహీన్ అనలేదు. “నిజమే పెద్దాయనా, పొద్దున్నుంచి రోడ్డు మీద ఉండారు” అంటూ ఆయన మూటే ముందు ఎత్తి టెంపోలో పెట్టింది. కుళ్లాయప్ప కోపం సగానికి దిగిపోయింది. రెండో మూట ఆయనే అందించాడు.

కంపెనీ నియమం ప్రకారం విమానం తప్పితే టికెట్టు పోయినట్టే. షహీన్ పక్కకు వెళ్లి ఏసురత్నానికి ఫోన్ చేసింది. “సార్, రేపు పొద్దున విమానం సగం ఖాళీ కదా. వీళ్లను దాంట్లో ఎక్కిస్తామా?”

“వాళ్ల మొగాలు చూస్తాండేది నువ్వు. నీకు ఏది సరి అనిపిస్తే అదే చేస్తా.”

“తప్పయితే సార్?”

“ఇద్దరం కలిసి తిట్లు తిందాం.”

షహీన్ వచ్చి, అదే టికెట్టు మీద రేపు పొద్దున ఎక్కిస్తానని వాళ్లకు మాట ఇచ్చింది. సాయంత్రానికి అందరూ హిందూపురంలో మాబుసాబ్ ఇంట్లో ఉన్నారు. అమీనాబీ మరమరాలతో ఉగ్గాణి చేసి, మిరపకాయ బజ్జీలు వేసింది. వీధివాళ్లు చుట్టాలెవరో వచ్చారనుకుని చాపలు తెచ్చి ఇచ్చారు. అందరూ తింటున్నారు, షహీన్‌కే ముద్ద దిగలేదు. అంతలో ముంబై పెద్దాఫీసు నుంచి ఒక మేడం ఫోన్ చేసింది.

నియమం తెలుసా అని అడిగింది. తెలుసంది షహీన్. మరి సీట్లు ఎందుకు ఇచ్చావంది.

“ఆ సీట్లు ఎట్లాగూ ఖాళీగా ఎగిరేవి మేడం. ఖాళీ సీటు మన గురించి ఎవరికీ చెప్పదు. వీళ్లయితే ధర్మవరం అంతా చెప్తారు.”

అవతల నవ్వు వినిపించింది. “మంచి పని చేశావు. వాళ్లను జాగ్రత్తగా ఎక్కించు” అని ఆమె ఫోన్ పెట్టేసింది. షహీన్ నేరుగా వంటింట్లోకి పోయి, “అమ్మా, ఇంకా ఉగ్గాణి ఉండాదా?” అంది.

మర్నాడు పొద్దున్నే మాబుసాబ్ టెంపో విమానాశ్రయం చేరేసరికి మేనేజరు ఏసురత్నమే గేటు దాకా వచ్చి ఎదురు నిలబడ్డాడు. చేనేత చీరలు నలగకూడదని సామాను ఎక్కించేవాళ్లకు పదేపదే చెప్పాడు. మెట్ల దగ్గర పైలట్ నమస్కారం పెడితే కుళ్లాయప్ప తబ్బిబ్బయి ఆయనకు రెండుసార్లు నమస్కారం పెట్టాడు. లోపలికి పోయాక కిటికీ అద్దం తీయమన్నాడు. తీయరాదని తెలిసి, “గాలి రాకపోతే కిటికీ ఎందుకబ్బా?” అన్నాడు. వాళ్లలో పెద్దామె ఉలిగమ్మ, ఇక్కడ తిండి పెట్టరని వినగానే సంచిలోంచి ఓళిగలు, అంటే బొబ్బట్లు, తీసి చుట్టుపక్కల వరుసలకంతా పంచేసింది. విమానంలో నెయ్యి వాసన గుప్పుమందని ఎయిర్‌హోస్టెస్ తర్వాత ఫోన్ చేసి చెప్పింది. తనకూ ఒకటి దక్కిందట.

వారం తిరిగాక ఢిల్లీ నుంచి ఈశ్వరి ఫోన్. చీరలన్నీ అమ్ముడుపోయాయట, వచ్చే ఏడాదికి కూడా పిలిచారట. “రేపు మీ విమానంలోనే వస్తాండాము. కుళ్లాయప్ప మామకు కిటికీ పక్క సీటే కావాలంట, ఇప్పటినుంచే నా పానం తీస్తాండాడు” అంది.

“పెట్టిస్తాలే అక్కా” అని షహీన్ నవ్వి, కౌంటరు ముందు నిలబడిన ముసలాయన పెట్టె ఎత్తడానికి బయటికి వచ్చింది.