ఐదో టికెట్

“మీ ఆఫీసులో తయారయ్యేదేగా, టికెట్లు నువ్వే తీసెయ్” అన్నాడు భర్త, తాగిన కాఫీ కప్పు ఆమె తోముతున్న అంట్లలో పడేస్తూ. సెలవులకు ఆడపడుచు ఇంటికి వెళ్లాలి. విమాన టికెట్ల ధరలు వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. లేని ప్రయాణికులకు లేని ప్రయాణాలు పొద్దస్తమానం బుక్ చేస్తుంది, రద్దు చేస్తుంది. అత్తగారి లెక్కలో అది కూర్చుని చేసే పని, కాబట్టి ఇంటికొచ్చాక అలసట అనేది ఉండకూడదు.

ఆ పనిలో ఉన్నవాళ్లకు ఒక కిటుకు తెలుసు. తక్కువ ధర సీట్లు నాలుగే మిగిలినప్పుడు ఐదుగురికి కలిపి అడిగితే ఐదుగురికీ ఎక్కువ ధరే చూపిస్తుంది. నలుగురికి ఒకసారి తీసుకుని, మిగిలిన ఒకరికి విడిగా తీసుకోవాలి. ఈ సంగతి ప్రయాణికుడికి మనమే చెబితే బాగుంటుందని ఆమె మీటింగులో అంటే టీమ్ లీడరు వినిపించుకోలేదు. అదే మాట పక్క సీటు అతను అనగానే బోర్డు మీద రాసుకున్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకోవడంలో ఆమెది తిరిగిన చెయ్యి.

ఆ రోజు ఆఫీసులో భోజనాల వేళ ఆ కిటుకుతోనే భర్తకూ అత్తగారికీ పిల్లలిద్దరికీ టికెట్లు తీసింది. మిగిలే ఒకరు ఎవరని ఆలోచించనే లేదు. చెయ్యి దానంతటదే తనను పక్కన పెట్టేసింది. ఇంతలో మీటింగుకు పిలిచారు. ఆ హడావుడిలో తన టికెట్ సంగతే మర్చిపోయింది.

సాయంత్రం ఆ టికెట్లు ఇంట్లో ఫోను నుంచి ఫోనుకు తిరిగాయి. అత్తగారు కిటికీ పక్కన కావాలన్నారు. పిల్లలూ దానికోసమే కొట్టుకున్నారు. భర్త సీట్ల బొమ్మ చూసి అందరినీ సర్దేసి, “హమ్మయ్య, అందరం ఒకే వరుసలో కుదిరాం” అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. చెప్పబోయి ఆగింది. ఎవరో ఒకరు అడుగుతారులే అనుకుంది. ఎవరూ అడగలేదు. మర్నాడూ అడగలేదు. వాళ్ల బట్టలు ఇస్త్రీ చేసింది, అత్తగారి మందులు సర్దింది, పెట్టెలు బరువు చూసింది. ఇంటినిండా మనుషులుండగా ఇంత ఒంటరిగా ఉండొచ్చని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు. నీదేదీ అని ఒక్కరు అడిగితే చాలు, ఎంత ధరైనా సంతోషంగా తీసుకునేది. మరీ అంత చిన్నమాట కోసం కాచుకుని కూర్చున్నందుకు తన మీద తనకే జాలేసింది.

రేపు ప్రయాణమనగా, టికెట్లో పేర్లు సరిచూస్తున్న భర్త తలెత్తాడు.

“నీ పేరేదీ?”

“నాకు తీయలేదండీ.”

అత్తగారు గుండెల మీద చెయ్యేసుకున్నారు. “అయ్యో, మరి అక్కడ పిల్లల్ని ఎవరు చూసుకుంటారే?”

ఆ ప్రశ్నలో ఆమె తనకోసం వెతుక్కుంది. దొరకలేదు. భర్త, ఇదే పనిలో ఉండి ఇదేం మతిమరుపని విసుక్కుని, ధర ఎక్కువైనా సరే వెంటనే తీయమన్నాడు. ఆమె ఫోను తీసి ఒక్కరికి వెతికింది. ఎవరో మానుకున్నట్టున్నారు, అదే విమానంలో తక్కువ ధరకే ఒక సీటు కనిపించింది. ఆమె ఫోను బోర్లించి పక్కన పెట్టింది.

“ఏం, సీటు లేదా?” అన్నాడు భర్త.

“ఉందండీ. నేనే రావడం లేదు.”