మొదటి చప్పుడు

గుడ్‌ఫ్రైడే నాడు మూడు గంటల్లోగా అన్నమ్మ ఇంట్లో చప్పుడు చేసే పనులన్నీ అయిపోవాలి. అందుకని ఆ పొద్దున ఆ ఇల్లు సంతలా ఉంటుంది. కోడలు అనూరాధ మూడు రోజులకి సరిపడా దోసెల పిండి రుబ్బేస్తుంది. అన్నమ్మ చుట్టాలందరికీ ఫోన్లు చేసి మంచీ చెడ్డా మాట్లాడేస్తుంది. తొమ్మిదేళ్ల మనవరాలు ఎస్తేరు తనకొచ్చిన పాటలన్నీ వరసపెట్టి పాడేస్తుంది. మొగుడూ పెళ్లాల మధ్య తగువేదైనా మిగిలి ఉంటే అదీ ఆ పూటే తెమిలిపోవాలి. మూడు దాటిందంటే, మళ్లీ ఆదివారం తెల్లవారేదాకా, ఆ ఇంట్లో చప్పుడు పుట్టదు. బిందె కిందపడితే దొర్లుతుంది, మోగదు. నోరు తెరిస్తే పెదాలు కదులుతాయి, అంతే.

ఇది ఎప్పట్నుంచి అంటే అన్నమ్మకీ తెలీదు. ఆవిడ కోడలిగా వచ్చేసరికే ఉంది. వీధి గుమ్మం నుంచి పెరటి గోడ దాకా దాని హద్దు. తప్పనిసరిగా ఏదైనా మాట్లాడుకోవాలంటే గుమ్మం దిగి వీధిలోకి రావాలి. గరివిడిలో ఆ వీధివాళ్లకి ఇదేం వింత కాదు, పైగా బోలెడు సౌకర్యం. ఎదురింటి కిరాణా కొట్టు నగరేశ్వరరావు శనివారం మధ్యాహ్నం చాప చంకన పెట్టుకుని వచ్చేస్తాడు. భార్య భాగ్యవతి మాట చెవిన పడని నిద్ర ఆయనకి ఏడాదికి అదొక్కటే. భాగ్యవతీ తక్కువ తినలేదు. పళ్లొస్తూ నిద్రపోని మనవణ్ని తెచ్చి అక్కడే పడుకోబెట్టి, తనూ ఓ కునుకు తీస్తుంది.

చప్పుడు తనంతట తాను తిరిగి రాదు. ఆదివారం కోడి కూసే వేళకి, అయిదేళ్లు నిండిన వాళ్లలో అందరికన్నా చిన్నవాళ్లెవరో వాళ్లు నిలబడి ప్రభువు గురించి "లేచాడు" అని చెప్పాలి. ఆ మాటతోటే చప్పుడు ఇంట్లోకి వస్తుంది. పెద్దవాళ్లు చెబితే రాదు. "పెద్దోల మాట అరిగిపోయుంటాది" అంటుంది అన్నమ్మ.

ఆవిడ కొడుకు పాల్‌కి ఈ సంగతి బాగా తెలుసు. ఆరో ఏట, అందరూ తన నోటికేసే చూస్తుంటే బెదిరిపోయి, పెదవి విప్పలేదు. సోమవారం మధ్యాహ్నం దాకా ఇల్లు అలాగే ఉండిపోయింది. తండ్రి జ్ఞానానందం ఒక్క దెబ్బ వెయ్యలేదు. పక్కన కూచుని ఎదురు చూశాడు. వీధి మాత్రం ఊరుకోలేదు, పెళ్లయ్యేదాకా అతన్ని సోమవారం పాల్ అనే పిలిచింది.

అలాంటివాడు పెద్దయ్యి మైకు సెట్టు పెట్టుకున్నాడు. పెళ్లిళ్లకి, రామనవమి పందిళ్లకి, సువార్త కూటాలకి చుట్టుపక్కల అందరికీ అతనే కావాలి. వేదిక మీద మైకు నిలబెట్టి, రెండుసార్లు తట్టి, అరచెయ్యి పైకెత్తుతాడు. దూరంగా ఆంప్లిఫయర్ దగ్గరున్న రాంబాబు ఆ చెయ్యి చూసి సౌండు పెంచుతాడు. పదిహేనేళ్లుగా ఇద్దరికీ అదే భాష.

చప్పుడు మీద బతికే ఆ పాల్‌కి రెండో కూతురు ప్రిస్కిల్లా. ఆ పిల్లకి పుట్టుకతోనే వినబడదు. విశాఖపట్నంలో పెద్ద డాక్టర్లకి చూపిస్తే చెవి నరమే లేదు, మిషను పెట్టినా లాభం లేదన్నారు. పాల్ ఒప్పుకోలేదు. ఎక్కడ స్వస్థత కూటమైనా సెట్టు కట్టడానికి తనే ముందుకొచ్చేవాడు, ప్రార్థన వేళకి పిల్లని ఎత్తుకుని మొదటి వరసలో నిలబడేవాడు. ప్రిస్కిల్లాకి మాత్రం కూటాలంటే ఇష్టం. సౌండు బాక్సుకి వీపు ఆనించి కూచుంటే ఆ అదురు ఒళ్లంతా పాకుతుంది, కళ్లు మూసుకుని నవ్వుకుంటుంది. కిందటేడు ఒక పెళ్లిలో అలా కూచున్న పిల్లని చూసి ఎవరో చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అని నవ్వారు. పాల్ ఆ మాట విని భోజనాల మధ్యలో సెట్టు విప్పుకుని వచ్చేశాడు.

అనూరాధ దారి వేరు. కూతురితో చేతులతో మాట్లాడడం ఆమెకి ఊపిరి తీసినంత తేలిక. అయినా తను కల్పించుకున్న సైగలు ఎన్నాళ్లు చాలుతాయని బెంగ. విజయనగరంలో వినబడని పిల్లలకి చేతి భాషలోనే చదువు చెప్పే బడి ఉందని తెలుసుకుని, దరఖాస్తు తెచ్చింది. అన్నీ నింపింది. తండ్రి సంతకం ఒక్కటే ఖాళీ. ఈస్టర్ మర్నాడు, సోమవారం, ఆఖరు తేదీ. ఆ కాగితం నెల్లాళ్లుగా ఆంప్లిఫయర్ మీద పెన్నుతో సహా ఉంది. పాల్ రోజూ దాన్ని పక్కకి జరిపి పని చేసుకుంటున్నాడు. సంతకం పెడితే ఇక తన కూతురికి మాట రాదని తనే ఒప్పుకున్నట్టు అనిపించేది.

శుక్రవారం, సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల ఆరాధన అయ్యాక చర్చి నుంచి వస్తూ, గుమ్మం ముందు అన్నమ్మ ఆగింది. ఈసారి చప్పుడు తెరవాల్సింది ప్రిస్కిల్లాయేనని, జనవరిలో దానికి అయిదు నిండాయని చెప్పింది. పాల్ వీధి మధ్యలోనే నిలబడిపోయాడు.

"ఎస్తేరే సెప్తాదిలే అమ్మా, ఇన్నాళ్లూ అదే కదా సెప్పింది" అన్నాడు.

"సిన్నది ఉండగా పెద్దది ఎలా సెప్తాది?"

"దానికి మాట రాదు కదమ్మా. అందరిముందూ దాన్ని నిలబెట్టి ఏటి సేస్తావు? నాను పడ్డది సాలదా?"

అన్నమ్మ చెప్పులు విప్పింది. "మాట రాదని నీకెవులు సెప్పినారు? పొద్దల్లా సెప్తానే ఉంటాది గుంట. నువ్వే ఇనవు" అనేసి గడప లోపలికి కాలు పెట్టింది. ఆ తర్వాత ఆవిడ పెదాలు కదిలాయి గానీ ఏమందో పాల్‌కి తెలీలేదు. అప్పటికి మూడు దాటింది.

శనివారం ఆ ఇంటికి యజమానురాలు ప్రిస్కిల్లా. ఏడాది పొడుగునా మిగతావాళ్లకి ఒక అడుగు వెనక నడిచే పిల్ల ఆ రెండ్రోజులూ అందరికన్నా ముందుంటుంది. కుక్కర్ విజిల్ ఎవరికీ వినబడదు. ఆమెకి ఏనాడూ వినబడలేదు కాబట్టి ఆవిరి చూసి లెక్కపెట్టుకోవడం వచ్చు, మూడో పొగకి పరుగెత్తి తల్లి కొంగు లాగింది. వీధి తలుపు దగ్గర నీడ కదిలితే ఎవరొచ్చారో ముందు ఆమెకే తెలిసింది. భాగ్యవతి మనవడు ఉయ్యాల్లో నోరంతా తెరిచి ఏడుస్తుంటే పక్కనే ఉన్న భాగ్యవతి హాయిగా నిద్రపోతోంది. ప్రిస్కిల్లాయే వెళ్లి ఆవిణ్ని గిల్లి లేపింది.

పెరట్లో పిల్లలిద్దరూ ఏటేటా చేసినట్టే బంకమట్టితో సమాధి కట్టారు. లోపల తెల్లగుడ్డ చుట్టిన బొమ్మని పడుకోబెట్టి, సన్నికల్లు పొత్రాన్ని తలుపురాయిగా అడ్డం పెట్టారు. అందుకే ఆ ఇంట్లో శనివారం పచ్చడి ఉండదు. నానమ్మ ఆ కథంతా చేతులతో చెప్పింది. మేకులు, చీకటి, రాయి, ఏడ్చుకుంటూ వచ్చిన ఆడవాళ్లు. ప్రిస్కిల్లా రెప్ప వెయ్యకుండా చూసింది. మధ్యలో ఒకసారి పొత్రం దగ్గరికెళ్లి, చెవి ఆనించడం తెలీని పిల్ల కాబట్టి, అరచెయ్యి ఆనించి చూసింది.

పాల్ మాత్రం పట్టు వదల్లేదు. మధ్యాహ్నమంతా కూతుర్ని ఎదురుగా కూచోబెట్టుకుని, పెదాలు సాగదీసి "లే, చా, డు" అని చూపించాడు. ఆమె చెయ్యి తీసి తన గొంతు మీద పెట్టుకున్నాడు. మామూలు రోజుల్లో అయితే అక్కడ అదురు తగిలేది. ఆ రోజు ఏమీ తగల్లేదు. ప్రిస్కిల్లా ఆశ్చర్యంగా రెండో చెయ్యి కూడా పెట్టి చూసింది. తర్వాత తండ్రి మొహంలోకి జాలిగా చూసి, గొంతు నిమిరి, లోపలికెళ్లి గ్లాసుడు మంచినీళ్లు తెచ్చిచ్చింది. పాల్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. రెండూ వినబడలేదు.

ఆ సాయంత్రం మర్నాటి ఆరాధనకి సెట్టు సిద్ధం చేస్తూ స్క్రూడ్రైవర్ కోసం ఇల్లంతా వెతికాడు. ఎవర్ని అడగాలన్నా నోరు లేదు. ప్రిస్కిల్లా దగ్గరికి వెళ్లి, సిగ్గుపడుతూ, వేళ్లతో గాల్లో మర తిప్పి చూపించాడు. ఆమె వెంటనే పరుపు కిందనుంచి తీసిచ్చి, అది అక్కడికి ఎలా చేరిందో కూడా చేతులతో చెప్పుకొచ్చింది. ఎస్తేరు, బొమ్మ కన్ను, ఊడిపోవడం, దాచెయ్యడం. పాల్‌కి సగం అర్థమైంది, మిగతా సగం మళ్లీ చెప్పమన్నాడు. కూతురు తనతో ఇంత పొడుగు కబురు చెప్పడం అదే మొదలని అప్పుడు తోచింది. లేక తను నిలబడి వినడం అదే మొదలేమో.

అయినా భయం భయమే. ఎస్తేరుని వీధిలోకి పిలిచి, చెల్లెలు నిలబడ్డాక ఏమీ జరక్కపోతే మెల్లగా నువ్వు అనేయమని చెప్పాడు. ఎస్తేరు తల అడ్డంగా ఊపింది.

"నా మాట అరిగిపోయింది నాన్నా. నాలుగేళ్లు సెప్పీసినాను" అంది.

ఆదివారం తెల్లవారుజామున అందరూ స్నానాలు చేసి హాల్లో కూచున్నారు. మధ్యలో కొవ్వొత్తి వెలుగుతోంది. పిల్లలిద్దరినీ సమాధి చూసి రమ్మని అన్నమ్మ పెరట్లోకి పంపింది. రాయి పక్కకి జరిపి బొమ్మని తీసేసింది ఆవిడేనని ఎస్తేరుకి తెలుసు, ప్రిస్కిల్లాకి తెలీదు.

పాల్ గోడకి జారబడి కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నాడు. అయిదేళ్లుగా చేస్తున్న ప్రార్థనే. ప్రభువా, చప్పుడు ఈ ఇంటికి తిరిగొచ్చేటప్పుడు దారిలో కొంచెం నా కూతురి చెవుల్లోకి కూడా రానియ్యి. అది నిలబడి, నోరు తెరిచి, ఏమీ రాక, నాలాగే అందరి మొహాలూ చూసే గతి మాత్రం దానికి పట్టనియ్యకు.

ప్రిస్కిల్లా పెరట్లోంచి తెల్లగుడ్డ చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. సమాధి ఖాళీ. ఈ కబురు ఎవరికి చెప్పాలి? నానమ్మ చూస్తోంది, అమ్మ చూస్తోంది, అక్క వెనకే వస్తోంది. వాళ్లంతా మెలకువగానే ఉన్నారు. నాన్న ఒక్కడే కళ్లు మూసుకుని ఉన్నాడు. రాత్రి ఫంక్షన్ల నుంచి వచ్చి పొద్దెక్కేదాకా పడుకునే నాన్నని ఎలా లేపాలో ఆమెకి తెలుసు, రోజూ చేసే పనే. వచ్చి అతని ముందు మోకాళ్ల మీద కూచుని, అరచేత్తో గుండె మీద రెండుసార్లు తట్టింది.

ధబ్. ధబ్.

పాల్ ఆ రెండు దెబ్బలూ విన్నాడు. కళ్లు తెరిచాడు. కూతురు ఎదురుగా, అరచెయ్యి పైకెత్తి, లే అంటోంది. లేచాడు అంటోంది. ఆమెకి ఆ రెండూ ఒకటే మాట.

ఫ్యాను మోగింది. వీధిలో కోడి కూత లోపలికొచ్చింది. వంటింట్లో కుళాయి చుక్క గిన్నెలో పడిన చప్పుడు కూడా వినబడింది. ఎస్తేరు "వచ్చీసింది, వచ్చీసింది" అని గెంతుతోంది. ప్రిస్కిల్లాకి ఇవేవీ తెలీవు. ఆమె చెవులు ఎప్పటిలాగే ఉన్నాయి. అందరూ ఎందుకు గెంతుతున్నారో అని చూసి, తనూ గెంతింది.

పాల్ కదల్లేదు. ఆ ఎత్తిన చెయ్యినే చూస్తున్నాడు. రెండుసార్లు తట్టడం, చెయ్యి పైకెత్తడం. పదిహేనేళ్లుగా ప్రతి వేదిక మీదా తను చేసేదే. బాక్సుకి వీపు ఆనించుకుని కూచుని ఆ పిల్ల చూసింది, నేర్చుకుంది, రోజూ పొద్దున్నే తన గుండె మీద ఆ మాట చెబుతూనే ఉంది. మైకులాగా తను పలుకుతాడేమోనని. అయిదేళ్ల నుంచి దానికి మాట రావాలని ఊరూరా తిరిగి ప్రార్థనలు చేయించాడు. దాని మొదటి మాట తన దగ్గర నేర్చుకున్నదే. అతను కూతుర్ని పొదివి పట్టుకుని పైకే ఏడ్చాడు. సోమవారం దాకా ఆగలేదని, ఎదురింట్లోంచి ఆ ఏడుపు విన్న నగరేశ్వరరావు తర్వాత వేళాకోళం చేశాడు గానీ, ఆయన కళ్లూ తడిసే ఉన్నాయట.

"అనూ, ఆ కాగితం ఇలాగ తే" అన్నాడు పాల్.

అనూరాధ పెన్నుతో సహా తెచ్చిచ్చింది. కొవ్వొత్తి వెలుగులో సంతకం పెట్టాడు. అన్నమ్మ పెరట్లోకెళ్లి పొత్రం కడిగి తెచ్చుకుని, మళ్లీ పచ్చడి నూరడం మొదలుపెట్టింది.

సూర్యోదయ ఆరాధనకి చర్చి ఆవరణలో జనం నిండారు. పాస్టర్ గారు సైగ చేస్తే పాల్ మైకు ముందుకొచ్చాడు. ఎప్పుడూ అనే హలో హలో ఆ వేళ నోటికి రాలేదు. రెండుసార్లు తట్టాడు. చెయ్యి పైకెత్తాడు. రాంబాబు సౌండు పెంచాడు.

మొదటి వరసలో బాక్సుకి వీపు ఆనించుకుని కూచున్న ప్రిస్కిల్లా అది చూసింది. తను పొద్దున చెప్పిన మాటే నాన్న ఊరందరికీ చెబుతున్నాడు. ఆమె లేచి నిలబడి, తన గుండె మీద రెండుసార్లు తట్టుకుని, అవునన్నట్టు చెయ్యి ఎత్తింది.