పొట్టి మేడం

ఆ కాలేజీలో ఊడ్చి తుడిచే ఆడవాళ్లందరూ ఆమెను పొట్టి అనే పిలిచేవాళ్లు. ఆ పేరు పెట్టింది వాళ్లందరిలోకీ పెద్దదైన పెద్దక్క. బోర్డు పైఅంచు చేతికందక ఎగిరెగిరి తుడుస్తుంటే చూసి, పడీపడీ నవ్వి మరీ పెట్టింది. ఆ పొట్టి చీపురు పడుతూనే ప్రైవేటుగా డిగ్రీ కట్టింది, ఎమ్మే చేసింది, పోటీ పరీక్ష గట్టెక్కింది, చివరికి అదే కాలేజీకి చరిత్ర లెక్చరరై వచ్చింది. చెప్పుకోవడానికి ఒక్క వాక్యమే గానీ, పడ్డ పాట్లు మాత్రం ఆమెకీ పెద్దక్కకీ తెలుసు. పరీక్షల రోజుల్లో పొట్టి వంతు గదులు కూడా పెద్దక్కే తుడిచేది. మొహమాటపడితే, "నడుం నాది, నీకెందుకు నొప్పి? పోయి చదువుకో" అని కసిరేది.

ఉద్యోగంలో చేరిన రోజు పొద్దున్నే పొట్టి మెట్ల కింద గదికి పరిగెత్తింది. బకెట్లూ చీపుర్లూ పెట్టుకునే గది అది. టీలు, కబుర్లు, తగాదాలు అన్నీ అక్కడే. బోర్లించిన బకెట్ మీద కూర్చున్న పెద్దక్క ఆమెను చూడగానే లేచి నిలబడింది.

"రండి మేడంగారూ."

పొట్టి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఏంటక్కా ఇది? నేనే."

"తెలుసండి. మీ టీ స్టాఫ్ రూముకి పంపిస్తామండి."

వేళాకోళమేమో అని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు. అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ఇక అక్కడ ఉండలేక పొట్టి స్టాఫ్ రూముకి వెళ్లింది. అక్కడివాళ్లు చెడ్డవాళ్లేం కాదు. నిన్నమొన్నటిదాకా తమ బల్లలు తుడిచిన మనిషితో ఏం మాట్లాడాలో తెలియక, పాపం, అందరూ కలిసి ఎండల గురించి మాట్లాడారు. ఉద్యోగమైతే వచ్చింది గానీ అక్క పరాయిదైపోయింది, ఇక ఈ ఎమ్మే నెత్తికి రాసుకోనా అనుకుంది పొట్టి. ఏడుపొచ్చినంత పనైంది.

భయం కొద్దీ క్లాసుకి ముందే వెళ్లింది. గది ఖాళీగా ఉంది. బోర్డు నిండా ఎవరివో లెక్కలు. చూస్తూ ఊరుకోలేక తుడిచేసింది. కుర్చీలు సర్దింది, కాగితం ఉండలు ఏరి చెత్తబుట్టలో వేసింది. చేతికి పని దొరికేసరికి ప్రాణం కాస్త కుదుటపడింది.

అంతలో గంట కొట్టారు. గంట కొట్టాక తుడిచేవాళ్లెవరూ క్లాసులో ఉండకూడదని ఆ కాలేజీలో రూలు. బుట్ట తీసుకుని బయటికొచ్చి, లెక్చరర్ లోపలికి వెళ్లేదాకా గోడవారగా నిలబడాలి. పొట్టి కాళ్లు తమకు తెలిసిన పని తాము చేశాయి. బుట్ట పట్టుకుని వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. పిల్లలంతా లోపలికి వెళ్లి కూర్చున్నారు. లెక్చరర్ మాత్రం రాలేదు. ఈ చదువుకున్నవాళ్లకి టైమంటే లెక్కే లేదు అని లోలోపల విసుక్కుంది కూడా.

తడిగుడ్డ కర్రతో వరండా తుడుచుకుంటూ పెద్దక్క అటుగా వచ్చింది.

"ఎవరికోసమండీ చూస్తున్నారు?"

"మేడం ఇంకా రాలేదక్కా" అనేసింది పొట్టి.

పెద్దక్క ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది. ఆ తర్వాత గోడ పట్టుకుని, పొట్ట పట్టుకుని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "వచ్చారండీ. చెత్తబుట్ట పట్టుకుని నా ముందే నిలబడ్డారు."

పొట్టి నాలుక్కరుచుకుంది. తనకీ నవ్వొచ్చింది. నవ్వుతూనే అక్క దగ్గరికి జరిగింది.

"అక్కా, ఒక్కసారి పొట్టీ అని పిలవవా? నీ నోట ఆ మేడం మాట వింటుంటే నన్ను బయటికి గెంటేసినట్టుంది."

పెద్దక్క నవ్వు ఆపింది.

"పిచ్చిమొహమా, ఈ కాలేజీలోనే నా జుట్టు నెరిసింది. కనబడ్డ ప్రతివాళ్లనీ సార్, మేడం అన్నాను. అనకపోతే పని ఊడుతుందని అన్నాను. నోరారా అన్నది ఇవాళే, నిన్నొక్కదాన్నే. పొద్దున్నించీ ఎన్నిసార్లు అందామా అని చూస్తున్నాను. అది కూడా వద్దంటావేంటే?"

పెద్దక్క చెయ్యి చాపింది. "ఆ బుట్ట ఇటివ్వండి. పిల్లలు చూస్తున్నారు, వెళ్లండి మేడం."

"అను అక్కా, ఎన్నిసార్లయినా అను" అంటూ పొట్టి బుట్ట ఆమె చేతికిచ్చి, కళ్లు తుడుచుకుని క్లాసులోకి వెళ్లింది.